జాబితాలో లేని పదకొండో పుస్తకం

మొన్న ఆదివారం పొద్దున్న నేను కాఫీ తాగుతూ కూర్చుంటే, మా అమ్మాయి కూతురు, తొమ్మిదో తరగతి చదువుతున్న పిల్ల, ఫోనులోంచి తల ఎత్తకుండానే నాకొక కబురు చెప్పింది. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో చూసిన 'నింగి గస్తీ' సినిమాని ఆ విదేశీ కంపెనీవాళ్ళు ఇన్నేళ్ళకు మళ్ళీ బూజు దులిపి, భాగాలు భాగాలుగా కొత్తగా తీసి ఫోన్లలోకి వదులుతున్నారట. వదులుతూ ఒక ప్రకటన కూడా చేశారట: తెర మీద చూపించినదొక్కటే అసలు కథ, ఆ పేరు మీద ఇన్నాళ్ళూ అచ్చయిన నవలలూ బొమ్మల పుస్తకాలూ ఏవీ లెక్కలోకి రావు అని. దీన్నే కేనన్ అంటారు అమ్మమ్మా, అంది. కేనన్ అంటే ఫిరంగి కదే అన్నాను. ఆ కేనన్ వేరట, దీనికి ఒక అక్షరం తక్కువట.

నాకు వెంటనే అనుమానం వచ్చింది. నాకు అనుమానం రావడం పెద్ద విశేషమేమీ కాదని మా ఇంట్లో అందరికీ తెలుసు. ముప్పై యేళ్ళకు పైగా విజయనగరంలో ఒక చిన్న ప్రైవేటు ల్యాబులో ఖనిజం రాళ్ళనీ ఉప్పునీ పరీక్షించి బతికినదాన్ని, లారీ పైన నిగనిగలాడే సరుకు చూసి సంతకం పెట్టేసే రకాన్ని కాను. ఇన్నేళ్ళు ఊరుకున్నవాళ్ళు ఇప్పుడెందుకు నోరు విప్పారు? కొత్త సరుకు అమ్ముకోవాలి, దానికి పాత సరుకు అడ్డం, అంతే కదా! ఆ పుస్తకాలు వచ్చిన రోజుల్లో అట్ట మీద వాళ్ళ ముద్రే ఉంది, అప్పుడు పనికొచ్చినవి ఇప్పుడు పనికిరాకుండా పోయాయా అని నేను కాసేపు ఆ పిల్ల మీద కేకలేశాను, పాపం దాని తప్పేమీ లేకపోయినా.

అది మాత్రం ఓపిగ్గా, ఆ సినిమా అభిమానులెవరో అన్ని భాషల పుస్తకాలకూ కట్టిన జాబితా ఒకటి తీసి, అందులో తెలుగువి చూపించింది. పది ఉన్నాయి. పదకొండు ఉండాలి, సరిగ్గా చూడవే అన్నాను. మళ్ళీ వేలితో పైకీ కిందికీ తోసి, "పదకొండోది లేదు అమ్మమ్మా. తెలుగులోనే కాదు, ఏ భాషలోనూ లేదు" అంది. ఆ లేని పుస్తకం మా బీరువాలో, చీరల అడుగున, పాత తువ్వాలులో చుట్టి ఉంది. నా బతుకులో నేను తీసుకున్న నిర్ణయాల్లో కాస్త గట్టిదంటూ ఏదైనా ఉంటే, అది ఆ పుస్తకం చదివి తీసుకున్నదే.

మాది నౌపడ. మా నాన్న ఉప్పు మడుల దగ్గర పనిచేసేవారు కాబట్టి, నాకు ఊహ తెలిసిన దగ్గర్నుంచీ తెల్లగా మెరిసే నేలా, దాని మీద పొడుగు కర్రకు చెక్క పలక బిగించి ఉప్పు లాగే మనుషులూ తప్ప వేరే దృశ్యం లేదు. డిగ్రీ అయ్యాక విజయనగరం ల్యాబులో ఉద్యోగం దొరికింది గాని, ఒంటరి ఆడపిల్లని ఊళ్ళో గది తీసుకుని ఉండనిచ్చే రోజులు కావవి. గరివిడిలో మా మేనమామ ఉన్నాడు, పిల్లలు లేరు, అత్త మంచిది, పొద్దున్న పాసింజరెక్కితే ఆఫీసు వేళకు విజయనగరంలో దిగొచ్చు, సాయంత్రం ఇంకో పాసింజరు ఉంది. ఇంకేం, పెట్టె సర్దుకుని అక్కడికి చేరాను.

మావకి స్టేషనుకు వెళ్ళే దారిలో అద్దె పుస్తకాల షాపుండేది. మీరు నా ఈడువాళ్ళయితే అలాంటి షాపు వాసన మీకు నేను చెప్పక్కర్లేదు. జిగురూ, పాత కాగితమూ, ఫ్యాక్టరీలో షిఫ్టు దిగి తిన్నగా అక్కడికే వచ్చే మనుషుల చెమటా కలిసిన వాసన. సాయంత్రం నేను రైలు దిగి షాపు ముందుకు రాగానే, మావ జిగురు కుంచె మీంచి చూపు తిప్పకుండానే, "ఏటే, వచ్చీసావా?" అనేవాడు. రోజూ అదే మాట. ఎదురుగా నిలబడి కనిపిస్తున్న మనిషిని పట్టుకుని వచ్చీసావా అని అడగడమేమిటని నాకు చిరాకు వేసేది, ఒకటి రెండు సార్లు ఆ మాట అనేశాను కూడా. మావ నవ్వేసి మర్నాడు మళ్ళీ అదే అడిగేవాడు.

ఆ షాపులో ఒక పద్ధతి ఉండేది, నేను ఇంకెక్కడా చూడలేదు. అద్దె పుస్తకమన్నాక పేజీలు చిరుగుతాయి, కొందరు మహానుభావులు నచ్చిన పేజీ చింపి జేబులో పెట్టుకునేవారు. మిగతా షాపులవాళ్ళు అలాంటి పుస్తకాన్ని అలాగే తిప్పుతూ ఉండేవారు. మా మావ మాత్రం ఎక్కడెక్కడి షాపుల్లోనో అదే పుస్తకం ఇంకో కాపీ సంపాదించి, పోయిన పేజీని గుండ్రటి అక్షరాలతో తెల్లకాగితం మీద చేత్తో రాసి, లోపల అతికించి పెట్టేవాడు. చదువుతూ చదువుతూ అచ్చులోంచి మావ చేతిరాతలోకి దిగి, మళ్ళీ అచ్చులోకి ఎక్కడం మాకు అలవాటైపోయింది. మాట్లాడితే పక్కా మా వైపు యాస గాని, రాత మాత్రం బడిపంతులు కూడా వంక పెట్టలేని రాత.

'నింగి గస్తీ' రెండు భాగాలూ తెలుగు మాటలతో వచ్చినప్పుడు మావే నన్నూ అత్తనీ విజయనగరం తీసుకెళ్ళి చూపించాడు. ఆకాశంలో కాపలా తిరిగే ఒక నౌక, అందులో ఒక కెప్టెను, దారి లెక్క కట్టే ఒక పడుచు. ఆ పిల్ల పేరు మా నోటికి పలికేది కాదు, అందుకని దిక్సూచి పిల్ల అనేవాళ్ళం. నేను ఆ పిల్లంటే పడిచచ్చేదాన్ని. నేను పనిచేసే ల్యాబులో ఆడదాన్ని నేనొక్కదాన్నే, ఆ నౌకలో అదొక్కతే, అంతకంటే కారణం ఏం కావాలి? రెండో భాగం చివర ఒక తెల్లటి గ్రహం మీద దుమ్ము తుఫాను లేచి, తలుపు మూసుకుపోయి, దిక్సూచి పిల్లని అక్కడే వదిలేసి నౌక వెళ్ళిపోతుంది. కెప్టెను అద్దంలోంచి చూసి ఏడుస్తాడు, సినిమా అయిపోతుంది. మూడో భాగం తియ్యనే లేదు. నేను రైల్లో గరివిడి దాకా ముక్కు చీదుతూనే వచ్చాను.

తర్వాత ఆ సినిమా పేరు మీద నవలలు ఒక్కొక్కటే తెలుగులో రావడం మొదలైంది. పది వచ్చాయి. అన్నీ ఆ పిల్ల తప్పిపోక ముందు జరిగిన సాహసాలే. దాన్ని వెనక్కి తెచ్చే కథ మాత్రం ఒక్కటీ లేదు, రాసేవాళ్ళకు ఆ అధికారం ఇవ్వలేదేమో. ఈ పది పుస్తకాల దగ్గరే నాకూ మావకీ ఎడతెగని తగువు. సినిమాలో చూసిందే అసలు, పుస్తకాలన్నీ కొసరు అనేవాడు మావ. సంతలో వంకాయలు తూచి ఇచ్చాక అమ్మేవాడు పైన రెండు పడేస్తాడు చూడండి, ఆ కొసరు. కొసరుతో కడుపు నిండదనీ, కొసరు కోసం ఎవరూ సంతకు వెళ్ళరనీ వాదించేవాడు. పుస్తకాల షాపు పెట్టుకుని పుస్తకాల్నే కొసరు అనడానికి నీకు నోరెలా వచ్చింది మావా అని నేను, అత్త అన్నం పెట్టి పిలిచేదాకా ఇదే గోల.

అలా ఉండగా ల్యాబులో నా పీకలమీదికొచ్చింది. లారీలో వచ్చిన ఖనిజాన్ని పరీక్షించాలంటే పైనుంచి ఒక నమూనా, మధ్యలోంచి ఒకటి, అడుగునుంచి ఒకటి తియ్యాలి. నాకు మొదటి రోజు నేర్పిన పాఠం అదే, నేను మావకి రోజూ వల్లించే పాఠమూ అదే. ఆ నెల ఒక పార్టీ సరుకులో పైన మంచి రాయి, అడుగున ఒట్టి కంకర. మా యజమాని నన్ను పిలిచి, పై నమూనా ఒక్కటే చాలు, అది చూసి రిపోర్టు రాసి సంతకం పెట్టమన్నాడు. ఇష్టం లేకపోతే మానెయ్యొచ్చన్నాడు. నెలాఖరు దాకా, అంటే పన్నెండు రోజులు, ఆలోచించుకోమన్నాడు, అదేదో పెద్ద ఉపకారం చేసినట్టు.

ఆ ఉద్యోగం పోతే నేను నౌపడ వెళ్ళిపోవాలి, వెళ్తే మళ్ళీ గడప దాటనివ్వరు, అది నాకు స్పష్టంగా తెలుసు. సంతకం పెడితే, నేను రోజూ అద్దంలో చూసుకునే మొహం ఏమవుతుందో అది మాత్రం తెలియలేదు. షాపు బల్ల మీద కూర్చుని మావకి అంతా చెప్పుకున్నాను. ఇంట్లో అత్తకీ చెప్పాను. "సంతకమేగదే, పెట్టీయి. దానికేటి అంత ఆలోచన?" అంది అత్త. మనుషులకు సలహా ఇచ్చే అలవాటు మావకి లేదు, అడిగినా పుస్తకమేదో చేతికిచ్చి పంపేసేవాడు. నేను రాత్రికి రాజీనామా కాగితం రాసుకున్నాను, పొద్దున్న చింపేశాను, మళ్ళీ రాసుకున్నాను.

సరిగ్గా పది రోజుల తర్వాత, సాయంత్రం రైలు దిగి వస్తే, మావ గోధుమరంగు అట్ట వేసిన పల్చటి పుస్తకం ఒకటి నా ముందు పడేశాడు. 'నింగి గస్తీ', పదకొండో పుస్తకం. లోపలంతా మావ చేతిరాతే, ఎనభై పేజీలు. పలాసలో ఒక షాపాయన దగ్గర ఒకే ఒక్క కాపీ ఉందట, అమ్మనన్నాడట, చదివి ఇచ్చెయ్యమన్నాడట, అందుకని మొత్తం నకలు రాసి అసలుది తిరిగి పంపేశాడట. ఈ మాటలన్నీ నేను అడక్కుండానే గబగబా చెప్పాడు. అడగని ప్రశ్నకు జవాబు చెప్పేవాళ్ళని నేను అప్పటికే నమ్మడం మానేశాను.

అయినా చదివాను, ఒక్క బిగిన చదివాను. తెల్లటి గ్రహం మీద ఉన్నది దుమ్ము కాదు, ఉప్పు. దిక్సూచి పిల్ల ఆ నేలని పరీక్షించి, పైన గట్టిగా ఉన్నా అడుగున డొల్ల, నౌక ఇక్కడ మళ్ళీ దిగితే కుంగిపోతుందని లెక్క తేల్చింది. అంతా క్షేమం అని రాయమన్నాడు కెప్టెను. అది రాయనంది. అందుకే తలుపు మూసుకుపోయింది, సినిమాలో చూపించినట్టు తుఫాను వల్ల కానే కాదు. ఆ పిల్ల ఒంటరిగా, చెక్క పలకకు పొడుగు కర్ర బిగించి ఉప్పు లాక్కుంటూ, వేసిన లెక్క మార్చకుండా, ఉన్న చోటు వదలకుండా కూర్చుంది. చివరికి ఇంకో నౌక వచ్చి దిగి కుంగిపోబోతే, అప్పుడు దాని లెక్క నిజమని తెలిసి కెప్టెను తనే వెనక్కి వచ్చాడు.

చదవడం అయిపోయాక నా బుద్ధి ఊరుకోలేదు. మావ చిరిగిన పేజీలు నకలు రాసేటప్పుడు చేసే పొరపాటు నాకు తెలుసు, ఎప్పుడూ ఒకటే: కన్ను జారి ఒక వరుస వదిలేసి, తర్వాత సందులో ఇరికించేవాడు. ఈ ఎనభై పేజీల్లో అలా ఒక్క వరుసా ఇరికించలేదు. బదులుగా వాక్యాలు కొట్టివేసి ఉన్నాయి, పక్కనే అదే సంగతి ఇంకాస్త బాగా రాసి ఉంది. నకలు రాసేవాడు వరుస తప్పుతాడు గాని మాట మార్చుకుంటాడా? పైగా ఆ దూర గ్రహం మీద ఉప్పు లాగే కర్ర నౌపడ కర్ర. ఆ పిల్ల నేలని పరీక్షించిన తీరు పైన ఒకటి, మధ్యలో ఒకటి, అడుగున ఒకటి. 

వెళ్ళి నిలదీశాను. కొట్టివేతలేమిటి మావా అంటే, సెయ్యి తిరగలేదే అన్నాడు. కర్ర సంగతేమిటంటే, ఉప్పు ఎక్కడైనా ఉప్పే కదా, సేత్తో లాగుతారేటి అన్నాడు. నమూనాలు మూడు తియ్యాలని వాళ్ళకెలా తెలుసంటే, "నీకొక్కదానికే తెలుస్తాదేటే, ఆళ్ళకి సదువుల్లేవా?" అని ఎదురు తగులుకున్నాడు. సినిమాకీ దీనికీ పొంతన కుదరడం లేదు కదా అంటే, సినిమావాడు అది సూపించలేదు, అంతే అన్నాడు. నీ లెక్కన ఇది అసలా కొసరా అని చివరికి నేను గట్టిగా అడిగితే, మావ జిగురు గిన్నె మీద మూత పెట్టి, "కొసరైనా అదే బుట్టలోంచి తీస్తారు గదేటే" అన్నాడు.

నేను వదులుతానా? పదో పుస్తకం వెనక ఉన్న చిరునామాకి, మీరు పదకొండోది అచ్చు వేశారా లేదా తెలియజెయ్యగలరని కార్డు రాశాను. మావ దాన్ని చూసి, ఇటియ్యి, బజారుకే వెల్తన్నాను, డబ్బాలో పడేస్తాను అని జేబులో పెట్టుకున్నాడు. ఆ కార్డుకు ఇప్పటిదాకా జవాబు రాలేదు. చాలా కాలం తర్వాత, మావ పోయాక, అత్త మాటల మధ్యలో, ఆ పది రోజులూ ఆయన షాపు తలుపు ఓరగా వేసి కూర్చున్నాడనీ, ఏం చేస్తున్నావంటే కసిరేవాడనీ చెప్పింది. పలాస వెళ్ళాడా అని అడిగాను. పలాసేటి, స్టేషను కూడా దాటలేదు అంది.

నెలాఖరున నేను ల్యాబుకి వెళ్ళి సంతకమూ పెట్టలేదు, మానెయ్యనూ లేదు. రిపోర్టు కాగితం మీద పైది ఇంత, మధ్యది ఇంత, అడుగుది ఇంత అని మూడు వరుసలు రాసి, కింద నా పేరు రాసి, యజమాని బల్ల మీద పెట్టి, వెళ్ళి నా చోట నేను కూర్చున్నాను. ఆయన కాగితం విసిరికొట్టాడు. మానెయ్యమన్నాడు, మాననన్నాను. మూడు నెలలు నాచేత సీసాలు కడిగించాడు. కడిగాను, కడిగినవి రెండోసారి కూడా కడిగాను. తర్వాత అక్కడ పనిచేసే ఇంకొకాయన వెళ్ళిపోయాడు, పని తెలిసినవాళ్ళు దొరకలేదు, చచ్చినట్టు నన్నే మళ్ళీ పరీక్షలకు కూర్చోబెట్టాడు. అలా కూర్చున్నదాన్ని ముప్పై యేళ్ళు లేవలేదు. ఆ పుస్తకం చదవకపోయి ఉంటే ఆ రెండు కాగితాల్లో ఏదో ఒకటి ఇచ్చేసి ఉండేదాన్ని, నాకు అందులో ఏ అనుమానమూ లేదు.

మా మనవరాలు ఈ వారమంతా కూడబలుక్కుంటూ పదకొండో పుస్తకం చదివింది. నిన్న సాయంత్రం చివరి పేజీ మీద వేలు పెట్టుకుని పడీ పడీ నవ్వుతూ వచ్చింది. అక్కడ కెప్టెను తలుపు తెరుస్తాడు, ఉప్పు కొట్టుకుపోయిన బట్టలతో దిక్సూచి పిల్ల మెట్లెక్కి లోపలికొస్తుంది, అప్పటిదాకా పుస్తకం భాష మాట్లాడిన ఆ కెప్టెను దాన్ని చూసి, "ఏటే, వచ్చీసావా?" అంటాడు. తప్పు పడింది అమ్మమ్మా, జాబితాలో పెట్టడానికి టైపు చేస్తాను, ఇది సరిచేసెయ్యనా అని అడిగింది. ముట్టుకోవద్దన్నాను. జాబితా సంగతి తర్వాత చూద్దాంలే అన్నాను, ఎందుకంటే ఆ అభిమానులెవరో, దీన్ని ఏం చేస్తారో నాకు తెలియదు.

మావని నిలదీసిన రోజున నేను కొట్టివేతల గురించి అడిగాను, కర్ర గురించి అడిగాను, మూడు నమూనాల గురించి అడిగాను. చివరి పేజీలో ఉన్న ఆ మాట గురించి మాత్రం అడగలేదు. అన్నిటికంటే ముందు నా కంట పడింది అదే. ఇంకో సంగతి కూడా ఒప్పుకోవాలి. జవాబు రాని కార్డుకు బదులు ఇంకొకటి రాసి నేనే వెయ్యగలిగేదాన్ని. పోస్టాఫీసు రోజూ రైలుకు వెళ్ళే దారిలోనే ఉంది, డబ్బాని రోజూ రెండుసార్లు దాటాను. వెయ్యలేదు. ముప్పై యేళ్ళలో అడుగున ఏముందో తెలిసీ నేను పాస్ చేసిన నమూనా అదొక్కటే.

గరివిడిలో ఆ షాపు ఉన్న చోట ఇప్పుడు ఫోన్లు బాగుచేస్తున్నారు, పుస్తకాలు ఎప్పుడో పాత కాగితాలవాడికి పోయాయి. ఏది అసలో ఏది కాదో తేల్చి చెప్పడానికి ఇప్పుడు సముద్రాల అవతల ఒక ఆఫీసుందట, వాళ్ళు చెబితే ప్రపంచమంతా సరే అంటుందట. మా కాలంలో ఆ సంగతి తేలక, అన్నాలు చల్లారిపోయేదాకా కొట్టుకునేవాళ్ళం, ఆ కొట్టుకోవడం కోసమే సాయంత్రం రైలు ఎప్పుడొస్తుందా అని చూసేవాళ్ళం. ఈ మధ్య మనవరాలు బడినుంచి రాగానే, నాకు తెలియకుండానే నా నోటంట, "ఏటే, వచ్చీసావా?" అని వచ్చేస్తోంది. అది చెప్పులు విప్పుతూ విప్పుతూ ఆగి, కనిపిస్తున్నాను కదా అమ్మమ్మా, మళ్ళీ అడగడమేమిటి అని చిరాకు పడుతుంది.